వాకిలికి అడ్డంగా మేనత్త

నా చిన్నప్పుడు బళేపేటలోని మా ఇంట్లో మేనత్త గొంతు లేచిందంటే పిల్లలం గోడకు అంటుకుపోయేవాళ్ళం. ఆమె మా నాన్నకు అక్క. మొగుడు పోయినప్పటినుంచి మాతోనే ఉండేది. నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. అమ్మకూ ఆమెకూ పొసగేది కాదు. నాన్న ఇద్దరి మధ్యా నోరు విప్పకుండా మగ్గం దగ్గరికి వెళ్ళిపోయేవాడు.

నేను పెద్దమనిషినయ్యాక వాళ్ళ పోరు నా చదువు మీదికి మళ్ళింది. బడి మాన్పించమని అత్త, పంపి తీరతానని అమ్మ. వీధి కూడా అత్త వైపే. మలుపులో గాజుల అంగడి నడిపే కులపెద్ద, ఈడొచ్చిన పిల్లను బజార్లో తిప్పుతున్నావేమని నాన్నను నలుగురిలో నిలదీశాడు.

ఒక పొద్దున నేను పుస్తకాల సంచి అందుకునేసరికి అత్త వాకిలికి అడ్డంగా కూర్చుని ఉంది.

"దాటితే కాళ్ళిరగ్గొడతా" అంది.

అమ్మకు ఓపిక పోయింది. "మీకు అక్షరమ్ముక్క రాదని నా బిడ్డను కూడా అట్లే ఉంచల్లంటారా వదినా?"

 అత్త గోడమీది తెలుగు క్యాలెండరు వైపు తిరిగి ఆనాటి వారం, తిథి, నక్షత్రం గడగడా చదివింది. అమ్మ నిశ్చేష్టురాలైంది. నాన్న మాత్రం ఆశ్చర్యపోలేదు, తల దించుకున్నాడు.

"నాకు చదువు రాదని ఎవరు చెప్పినారు నీకు? వీడు చెప్పినాడా?" అంది అత్త.

ఆ కోపంలోనే తన కథంతా మా మొహాన కొట్టినట్టు చెప్పింది. హిందూపురం పక్క పల్లెలో మా తాత ఆమెను మగపిల్లలతో పాటు బడికి పంపాడు. కులంవాళ్ళు వెలేశారు. బావిలో నీళ్ళు తోడనివ్వలేదు. అవ్వకు పురిటినొప్పులొస్తే మంత్రసాని గడప తొక్కలేదు. బిడ్డ దక్కలేదు. తాత భయపడి కూతురిని బడి మాన్పించాడు. ఇంకెవరూ చేసుకోకపోతే ఒక ముసలాయనకు కట్టబెట్టాడు. ఏడాది తిరక్కుండానే ఆయన పోయాడు.

"సదువుకున్న్యది ఇంట్లో కాలు పెట్టి మొగుణ్ణి మింగిందన్యారు. ఆ పీడ నాతోనే పోయిందనుకుంటి. మళ్ళా ఈ ఇంట్లో మొదులుపెడ్తాండారు."

అమ్మ, "ఆ పొద్దు మీ పక్కన నిలబడేవాళ్ళు లేకపోయిరి. దీనికి మనముండాము గదా వదినా" అంది.

"నిలబడతారులే, చూస్తా గదా" అంటూ అత్త లేచింది. నన్ను ముందు నడవమని తను వెనక వచ్చింది. మలుపులో కులపెద్ద, "ఏమక్కా, నువ్వు కూడానా?" అన్నాడు.

"నీ అంగట్లో గాజులు చూసుకోప్పా. నా మేనకోడలి కాళ్ళు చూడొద్దు" అంది అత్త.

ఆ తరువాత మా వీధిలో చాలా పెళ్ళిళ్ళకు మమ్మల్ని పిలవలేదు. అందుకు అత్త నన్నే తిట్టేది. చదువు ముగిసేదాకా బడి దారి పొడుగునా తిడుతూనే నా వెనక నడిచింది.

ఆమె నన్ను దగ్గరికి తీసుకున్నది లేదు. కానీ ఈ వయసులో కూడా ఎవరైనా నామీద విరుచుకుపడితే, మీది ఏ ఊరు, ఎట్లా పెరిగారు అని అడుగుతాను. చాలామంది కసురుకుంటారు. కొందరు చెబుతారు. అప్పుడు ఆ కోపం ఎవరి చేతుల్లో పెరిగిందో తెలుస్తుంది. మా కులం ఎట్లాంటిదో, మా వీధి ఎట్లాంటిదో నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, మేనత్తే చెప్పింది.