గోలక్కకి కుడి ఎడమలు

మా గోలక్కకి కుడి ఎడమలు తెలీవు. గోల్‌కీపరంటే వెనక నిలబడి, ముందున్న మాకు దారి చెప్పాల్సిన మనిషి. నేను చేరాక మా ఆడవాళ్ల జట్టుకి ఆవిడ ఎనిమిదేళ్లు దారి చెప్పింది. ఎలా చెప్పిందో తలుచుకుంటే నాకిప్పటికీ బుర్ర తిరుగుతుంది. గోల్‌లో నిలబడి గోల చేస్తుంది కాబట్టి గోలక్క.

సంగతి నా మొదటి మ్యాచ్‌లోనే బయటపడింది. ఆవిడ అరిచింది, నేను పరిగెత్తాను, అవతలి పక్కనుంచి గోలు పడింది. కోచ్ నా మీద పడబోతుంటే అడ్డొచ్చి, "తప్పు నాది సార్. నాకు కుడి ఎడమలు తెలీవు" అంది.

"ఉన్నవే రెండు పక్కలు గదమ్మా!"

"రెండే కదాని అశ్రద్ధ చేశాను సార్. పది ఉంటే శ్రద్ధగా నేర్చుకునేదాన్ని."

అప్పట్నుంచీ ప్రతి మ్యాచ్ ముందూ నా చెయ్యి పట్టుకుని మైదానమంతా తిప్పేది. "ఇటు నీళ్ల ట్యాంకు, అటు ఐస్‌క్రీం బండి. ఏదీ, అప్పజెప్పు! నేను ఏది అరిస్తే అటు పరిగెత్తు."

ఒకరోజు బేరాల్లేక బండివాడు మధ్యలో అటునుంచి ఇటు వచ్చేశాడు. అక్క "ఐస్‌క్రీం!" అంది. నేను బండి వెంట పడ్డాను. ఇంకోసారి ఒక పక్కన అంబులెన్స్ ఆగి ఉందని "అంబులెన్స్!" అని అరిస్తే ఇద్దరు స్ట్రెచర్‌తో పరిగెత్తుకొచ్చారు. పడినవాళ్లెవరూ దొరక్క రిఫరీని పడుకోమన్నారు.

"నాకేం కాలేదయ్యా!"

"అందరూ అలాగే అంటారమ్మా. పడుకోండి."

ముప్పైమూడో ఏట అక్కని ఓ పెద్ద క్లబ్బు పరీక్షకి పిలిచింది. ఆ వయసులో అదే ఆఖరి పిలుపు. అక్కడి కోచ్ మహా చండశాసనుడట, కుడి ఎడమ తప్ప ఇంకో మాట వినబడితే ఇంటికే. బస్సులో కూర్చుని అక్క గ్లవ్స్ మీద మార్కర్‌తో 'కుడి', 'ఎడమ' అని ఇంతింత అక్షరాలు రాసిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి తొడుక్కుంది.

పరీక్షలో గంటసేపు "కుడి! ఎడమ!" అని అరిచింది. ఒక్కటంటే ఒక్కటి తప్పు పోలేదు. అక్కడికక్కడే తీసుకున్నారు.

"చూశావా, నా గ్లవ్స్ మహిమ!" అన్నాను.

"వాటిని నమ్ముకుంటే కొంప మునిగేది. కుడిదాని మీద ఎడమ అని రాశావే తల్లీ."

నాకేం అర్థం కాలేదు. గ్లవ్స్ తిప్పి చూశాను, నా చేతులు చూసుకున్నాను. ఇంకా అర్థం కాలేదు.

"అంటే... మొదటి మ్యాచ్‌లో..."

"నేను ఎడమ అనే అన్నాను. నువ్వు కుడికి పరిగెత్తావు. తప్పు నీదని తెలిస్తే మన కోచ్ ఆ రోజే నిన్ను ఇంటికి పంపేసేవాడు. నేను పాతదాన్ని, నన్నేం చేస్తాడు?"

సిగ్గుతో చచ్చిపోయాను. "ఎనిమిదేళ్లు నిన్ను చూసి అందరూ నవ్వారు గదక్కా! అందరికన్నా నేనే ఎక్కువ నవ్వాను!"

"నవ్వితే నవ్వారు. నిన్ను ఆడనిచ్చారుగా."

ఏడుద్దామని నోరు తెరిచేలోపే, "ముక్కు తుడుచుకుని ఇద్దరికీ టీ చెప్పవే, అరిచి అరిచి గొంతు పోయింది" అంది.