మోకాలి మీద అతుకు

సైనిక శిబిరం వెనక గేటు ఎదురుగా, సైకిళ్ళు బాగుచేసే కొట్టుకీ మందుల షాపుకీ మధ్య ఉన్న ఒంటిగదిలో ఆమె కుట్టుమిషను ఉండేది. గుమ్మానికి బోర్డు లేదు. సైనికులు ఆమెను అతుకులమ్మ అనేవారు. ఆ పేరే మా వీధికంతటికీ అలవాటైపోయింది. పోస్టాయన కూడా కవరు మీద అసలు పేరు చదువుకుని, "అతుకులమ్మగారూ, ఉత్తరం!" అని కేకేసేవాడు.

భర్త కూడా దర్జీయే. ఆయన కొత్తబట్టలు కుడితే ఈమె చిరిగినవి బాగుచేసేది. ఆయన పోయాక కూడా ఆమె కొత్తబట్టల జోలికి పోలేదు. "కొత్తది కుట్టేవాళ్ళు బోలెడుమంది. చిరిగినదాన్ని పట్టించుకునే దిక్కెవరు?" అనేది. పొద్దున్నే మిషను మీద చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, పెదవులు కదిలీ కదలనట్టు ఏదో చెప్పుకునేది. ఏమని మొక్కుతావని ఒకసారి అడిగాను.

"ఏముంది, సూది వేలిలో దిగకుండా చూడు తండ్రీ, ఈ బట్ట తొడుక్కునేవాణ్ణి చల్లగా చూడు, అంతే. పెద్దపెద్దవి అడిగితే ఆయనకి మాత్రం తీరికుండొద్దూ?"

రంగు కలపడంలో ఆమెకు సాటి లేదు. చిరిగిన బట్టనూ గుడ్డముక్కనూ గుమ్మంలో ఎండ పడేచోట పక్కపక్కన పట్టుకుని, తల అటూ ఇటూ వాల్చి చూసేది. కుదరకపోతే పెట్టె తిరగేసి ఇంకో ముక్క. కుదిరేదాకా మిషను తొక్కదు. పని అయ్యాక బట్ట విదిలించి, "అతుకు ఎక్కడుందో చూపించు నాయనా. చూపిస్తే కొత్తది కుట్టిస్తా," అనేది. ఎవరూ చూపించలేకపోయేవారు. ఆ మాట అన్నప్పుడు మాత్రం ఆమె ముఖంలో కాస్త గర్వం ఉండేది. అంతకు మించి ఏ గర్వమూ నేను ఆమెలో చూడలేదు.

ఆ ఏడాది ఆమెకు మోకాళ్ళ పని విపరీతంగా పెరిగింది. వచ్చిన ప్రతి ప్యాంటూ మోకాలి దగ్గరే చిరిగి ఉండేది. ఆమె తమ్ముడి కొడుకు ఆ శిబిరంలోనే సైనికుడు, పీచులా సన్నగా ఉండే కుర్రాడు. ఒక సాయంత్రం వాడూ ఇద్దరు స్నేహితులూ సంచీ నిండా ప్యాంట్లు తెచ్చి పడేశారు.

"ఒరేయ్, మీకు నడవడం రాదా, దొర్లుకుంటూ పోతున్నారా?" అంది.

"కొత్త నైట్ విజన్ అద్దాలు వచ్చాయత్తా," అన్నాడు మేనల్లుడు. "చీకట్లో చీమ కూడా కనబడుతుంది. చుక్కల వెలుగు ఉంటే చాలు, దాన్నే వేల రెట్లు పెంచి చూపిస్తాయి."

"చీమ కనబడుతుంటే గొయ్యి కనబడదా?"

"గొయ్యి కనబడుతుంది, లోతు తెలీదు. గొట్టంలోంచి చూస్తున్నట్టుంటుందత్తా. పక్కన ఏముందో తెలీదు. జానెడు గుంటో నిలువెత్తు గుంటో తేల్చుకునేలోపే అందులో ఉంటాం."

"వీడు నిన్న మురుక్కాలవని రోడ్డనుకున్నాడు పిన్నీ," అన్నాడు పక్కవాడు.

"నువ్వు నన్ను చూసి కూడా దిగావు కదరా!"

అందరూ నవ్వారు. ఆమె మాత్రం మేనల్లుడి ప్యాంటు కాలు పైకి లాగి మోకాలు చూసింది. చర్మం గీరుకుపోయి ఉంది. ఆ రోజు నుంచి చిరుగు ఉన్నంతమేరే కాక మోకాలి మీద అరచేయంత గుడ్డ రెండు మడతలు వేసి కుట్టడం మొదలుపెట్టింది. శిబిరం స్టోరులో మరమ్మత్తుకని గుడ్డ ఇవ్వరు. బట్టల కొట్టుకు తనే వెళ్ళి, ఎండలో చూసి చూసి, చిక్కటి ముదురు గుడ్డ ఏరుకొచ్చింది. రెండో మడత ఎవరూ అడిగింది కాదు. రాళ్ళమీద పాకే పిల్లలకు మెత్తగా ఉంటుందని ఆమే పెట్టింది. పగటిపూట ఎంత వెతికినా ఆ అతుకు కనబడేది కాదు.

కొన్నాళ్ళకు శిబిరంలో రాత్రి పోటీ జరిగింది. ఒక జట్టు దాక్కుంటూ కొండ ఎక్కాలి, ఇంకో జట్టు అద్దాలు పెట్టుకుని వాళ్ళను పట్టుకోవాలి. మేనల్లుడి జట్టు సగం దూరం కూడా పోకముందే మొత్తం దొరికిపోయింది. పట్టుకున్నవాళ్ళు పడీపడీ నవ్వారట. మనుషులు కనబడలేదు, చీకట్లో తెల్లటి మోకాళ్ళు మాత్రం జతలు జతలుగా కొండ ఎక్కుతూ కనిపించాయి.

మర్నాడు పొద్దున కవాతు మాస్టారు జట్టును నిలబెట్టాడు.

"మోకాళ్ళకి దీపాలు ఎవరు కట్టార్రా?"

"మేమే కుట్టుకున్నాం సార్," అన్నాడు మేనల్లుడి స్నేహితుడు. అతుకులమ్మ పేరు చెప్పకూడదని వాళ్ళు ముందే అనుకున్నారు. చెబితే ఆవిణ్ణి గేటు దగ్గరికి రానివ్వరేమోనని భయం.

"మీరే?"

"మేమే సార్."

మాస్టారు టోపీ మడతలోంచి సూది తీశాడు. "ఏదీ, దారం ఎక్కించు."

ఒకడు దారాన్ని నోట్లో పెట్టి పెట్టి తడి పీచు చేశాడు. ఇంకొకడు సూదిని చేయి చాచి పట్టుకుని ఒక కన్ను మూశాడు.

"తుపాకీ కాదురా అది. ఆ కన్ను తెరువు!"

మూడోవాడు వేలు పొడుచుకున్నాడు. మాస్టారు సూది తిరిగి తీసుకుని, "సరే, ఆ అతుకులమ్మ గది ఎక్కడ?" అన్నాడు.

ఆయన వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. బూట్లు బయటే విప్పి లోపలికొచ్చాడు. వెనకాలే స్టోరు బాబాయి. స్టోరు చూసే ఆ ముసలాయన్ను శిబిరమంతా అలాగే పిలుస్తుంది. ఆమె స్టూలు జరిపింది. మాస్టారు దాని అంచున కూర్చున్నాడు.

"అమ్మా, నిష్ఠూరం అనుకోకండి. మీ కుట్టు చాలా బాగుంది. చిక్కంతా అక్కడే వచ్చింది."

"చెప్పండి నాయనా."

"మన కంటికి కనబడని వెలుగు ఒకటుంది. ఆ అద్దాలకి అది కనబడుతుంది. మా బట్ట ఆ వెలుగులో చెట్టులా మట్టిలా కనబడేట్టు రంగు వేసి నేస్తారు. బజారు గుడ్డ మనకి ఎంత నల్లగా ఉన్నా, అందులో తెల్లగా మెరుస్తుంది. దారం కూడా అంతే. ఎల్లుండి పొద్దున ఈ పిల్లలు సరిహద్దుకి వెళ్ళాలి. ఇలాంటి అద్దాలు అవతలివాళ్ళ దగ్గరా ఉన్నాయి."

ఆమె లేచి నల్ల శాలువా కప్పుకుంది. "నాకు ఒకసారి చూపిస్తారా?" అంది.

స్టోరు గది కిటికీలకు కంబళ్ళు కట్టి మిట్టమధ్యాహ్నాన్ని చీకటి చేశారు. అద్దాలు ఆమె తలకు స్టోరు బాబాయే తగిలించాడు, జుట్టు లాగకుండా మెల్లగా. అద్దాల పక్కనున్న చిన్న దీపం వెలిగిస్తే మామూలు కంటికి ఏమీ తెలియలేదు. ఆమె మాత్రం ఉలిక్కిపడింది.

"అమ్మో, లోకమంతా పచ్చగా ఉందే! బాబాయిగారూ, మీ పళ్ళు పెట్టుడువా?"

"అది కూడా కనబడుతోందా?" అంటూ ఆయన నోరు మూసుకున్నాడు.

ఆమె తన భుజం వైపు చూసుకుంది. "ఇదేమిటి, నేను నల్ల శాలువా కప్పుకునే కదా వచ్చాను? ఇది పాలలా ఉందేం?"

"అదేనమ్మా నేను చెప్పింది," అన్నాడు మాస్టారు. "ఇప్పుడు ఈ దీపం మీకొక్కరికే కనబడుతోంది. ఇంకొకరు అద్దాలు పెట్టుకుని ఎదుట నిలబడితే మీరు లాంతరు పట్టుకుని నిలబడ్డట్టే. ఈ యంత్రంతో సుఖమూ అదే, కష్టమూ అదే."

తర్వాత తాడు మీద వేలాడుతున్న జట్టు ప్యాంట్ల వైపు తిరిగింది. మోకాళ్ళన్నీ వెలుగుతున్నాయి. ఆమె దగ్గరికి పోయి ఒక అతుకు మీద వేలు పెట్టి అంచు వెంట మెల్లగా తడిమింది. కంటిని నమ్మలేక చేతిని అడిగినట్టుంది.

"నాదే," అంది. "మూలలో కుట్టు వెనక్కి తిప్పాను, నాదే." అక్కడున్న బట్టల మూట మీద కూర్చుంది. "మా వాడు ఇది వేసుకునే పాకుతాడు కదూ."

"అందుకే వచ్చాం. కొత్తవి అడిగితే ఎల్లుండికి రావు."

"కొత్తవి ఎందుకు? ఈ రంగు బట్టే కాస్త దొరికితే..."

స్టోరు బాబాయి గొంతు సవరించుకున్నాడు. "తగలబెట్టమని పక్కన పడేసిన పాత యూనిఫారాలు ఉన్నాయి సార్. మోకాళ్ళూ మోచేతులూ పోయాయి గానీ వీపుల్లో, మడతల్లో బట్ట గట్టిగానే ఉంది. రాసిచ్చేస్తే నేనే మోసుకొస్తా."

"రాసిస్తాను. మొయ్యడానికి వేరేవాళ్ళని పెట్టు, నీ నడుం సంగతి నాకు తెలుసు."

ఆమె లేచి అద్దాలు తియ్యబోతూ ఒకసారి మాస్టారి వైపు చూసి ఆగింది. "నాయనా, మీ ప్యాంటు కూడా ఓసారి పంపించండి."

"నాదెందుకమ్మా?"

ఆమె చెప్పడానికి మొహమాటపడింది. అద్దాలు అందుకుని చూసిన స్టోరు బాబాయే దగ్గుతూ అన్నాడు, "వెనక జేబు సార్. రెండు జేబులూ."

మాస్టారు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "నా పనులు చూసే ఆర్డర్లీ వీటినీ బజార్లోనే కుట్టించాడన్నమాట," అన్నాడు. "బాబాయ్, ఈ సంగతి ఈ గది దాటితే ఊరుకోను." దాటింది కనకనే నేనిక్కడ రాస్తున్నాను.

ఆ సాయంత్రమూ మర్నాడంతా ఆమె గది గుమ్మం నిండా సైనికులే. కుట్టడం రానివాళ్ళకు విప్పడం నేర్పింది. "బ్లేడు బట్టకి ఆనించకు, దారానికి ఆనించు. కోపంగా లాగకురా, అది నీకేం అపకారం చేసింది?" సైకిల్ షాపాయన తన బల్ల తెచ్చి వేశాడు. మందుల షాపావిడ అడగకుండానే టీ పోసి పంపుతూ, వేళ్ళు కోసుకున్నవాళ్ళకు పట్టీలు వేసింది. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు.

దారం సంగతి అతుకులమ్మ రఫ్ఫు పద్ధతిలో తేల్చింది. పాత యూనిఫారం అంచు నుంచి పోగులు ఒక్కొక్కటే లాగి, ఆ పోగుతోనే కుట్టింది. బట్ట ఏదో దారమూ అదే. మిషను పక్కన పెట్టి అంతా చేతికుట్టే. ఒకటి కుట్టగానే స్టోరు బాబాయి దాన్ని పట్టుకుని చీకటి గదికి పోయేవాడు. తిరిగొచ్చి "లేదు" అనేవాడు. అది వినగానే ఆమె ఇంకొకటి అందుకునేది. ఒకసారి "ఉంది" అన్నాడు. ఆమె అలవాటుగా పాత దారం వాడిందట, నాలుగే కుట్లు. మళ్ళీ విప్పింది.

రెండో మడతకు మాత్రం బట్ట చాల్లేదు. ఆమె సూది పట్టుకుని అలాగే కూర్చుంది.

"పోనీలే అత్తా, అతుకొక్కటి చాలు," అన్నాడు మేనల్లుడు.

"చాలదు. నీ మోకాలు నేను చూశాను." కొంచెంసేపటికి ప్యాంటును లోపలివైపుకు తిరగేసింది. తన బజారు గుడ్డనే, మెత్తటిదే, లోపల అమర్చి, కుట్టు పైకి రాకుండా పోగు పోగునా అంటించింది. "ఇది పట్టుకెళ్ళి చూడండి బాబాయిగారూ."

ఆయన ఈసారి ఆలస్యంగా వచ్చాడు. "మూడుసార్లు చూశానమ్మా. లేదు."

వాళ్ళు బయల్దేరే ముందురోజు సాయంత్రం మాస్టారు ఆమెను మళ్ళీ స్టోరు గదికి పిలిచాడు. జట్టంతా ప్యాంట్లు తొడుక్కుని గోడ వెంట వరసగా నిలబడ్డారు. కంబళ్ళు దించారు. ఆమెకు అద్దాలు తగిలించారు. మాస్టారు కూడా వరసలోనే చివర నిలబడ్డాడు.

"అతుకు ఎక్కడుందో చూపించండి అమ్మా," అన్నాడు.

ఆ మాట ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు. ఆమె ఒక్కొక్కరి ముందూ వంగి చూసింది. కళ్ళు పిల్లి కళ్ళలా మెరుస్తున్నాయి, పళ్ళు మెరుస్తున్నాయి, ఒకడి మెడలో గొలుసు మెరిసింది. "అది తీసెయ్ నాయనా," అంది, వాడు తీసేశాడు. మోకాళ్ళ దగ్గర ఏమీ లేదు. మేనల్లుడి ముందు ఎక్కువసేపు నిలబడింది. వేలు పెట్టి వెతికింది. లోపల మెత్తగా తగిలింది, పైన ఏమీ లేదు.

"కనబడలేదు," అంది. "కనబడలేదు తండ్రీ." రెండోసారి అన్నది అక్కడున్నవాళ్ళకు కాదు.

వాళ్ళు వెళ్ళారు. ఆమె రోజూ మిషను మీద చెయ్యి వేసి చెప్పుకునే మాటలు కొంచెం పొడుగయ్యాయి. చలి పోయి ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం మేనల్లుడు గుమ్మంలో నిలబడ్డాడు, ఇంకా సన్నబడి. వెంట స్నేహితులూ ఉన్నారు, అందరూ. ఆమె వాణ్ణి కూర్చోబెట్టి, ప్యాంటు కాలు పైకి లాగి మోకాలు చూసింది. గీతైనా లేదు.

"లోపలిది అరిగిపోయిందత్తా," అన్నాడు.

"అరగడానికేగా వేసింది," అంటూ గుడ్డల పెట్టె దగ్గరికి లాక్కుంది.