ముందు నీ అరికాలు చూపించు

మా వియ్యపురాలు మొన్న మంగళవారం పొద్దున ఇక్కడే, సిడ్నీలో, పోయింది. క్యాన్సర్. మావాళ్లు ఫోన్లలో "ఆ జబ్బు" అంటున్నారు. నేను పేరు పెట్టే రాస్తున్నాను. అరికాల్లో మొదలైన చర్మం క్యాన్సర్. పేరు దాస్తే ఆవిడ ఒప్పుకోదు.

నాది ఊరి బడి చదువు. నలుగురిలో మాట్లాడటం చేతకానివాణ్ణి. హారిస్ పార్క్ అనే పేటలో మా అమ్మాయీ అల్లుడూ ఉండే ఇంట్లో, ఆవిడదీ నాదీ పక్కపక్క గదులు. మా వియ్యంకుడు ఎప్పుడో పోయాడు. ఇంట్లో నా వంతు మాటలు కూడా ఆవిడే మాట్లాడేసేది.

అరికాల్లో మచ్చ ఉంటే దేశాలు తిరుగుతారని మావైపు ఒక నమ్మకం. ఆవిడ మడమ కింద నల్లమచ్చ కనబడ్డ ఏడే అల్లుడికి ఇక్కడ వై టూ కే కంప్యూటరు పని దొరికింది. ఇంకేం, చుట్టాలంతా ఆ కాలు చూసి మురిసిపోయారు. మచ్చ పెరిగింది. అంచులు వంకరలు పోయాయి. "ఇంకా దూరం తిప్పుతుందేమోనర్రా" అని నవ్వేది. విమానం దిగాక కూడా ఆ కాలు గొప్పగానే చూపించేది.

ఈ దేశంలో ఎండంటే అందరికీ భయం. టోపీ లేకపోతే బళ్లో పిల్లల్ని ఆడుకోనివ్వరు. మా మనవరాలు "నానమ్మా, వేర్ యువర్ హ్యాట్!" అని వెంటపడేది.

"అవన్నీ తెల్లతోలు వాళ్లకే తల్లీ. మనం ఎండలో కాగినవాళ్లం" అనేది ఆవిడ. మేమందరం అలాగే అనుకున్నాం.

మోకాలి నొప్పికని వెళ్తే డాక్టరమ్మ మేజోళ్లు తీయమంది. మచ్చ చూసి ఆమె నవ్వు ఆగిపోయింది. "మాది బ్రౌన్ స్కిన్ కదా డాక్టర్, పైగా ఎండ తగలని చోటు" అన్నాడు అల్లుడు. ఆమె చెప్పిందేమంటే, మా రంగువాళ్లకి అరుదేగానీ, వస్తే ఇలా ఎండ తగలని చోటే ఎక్కువ వస్తుందట. అరికాలు, అరచెయ్యి, గోరు కింద. అక్కడ ఎవరూ చూడరు గనక ఆలస్యంగా బయటపడుతుందట. ముక్క తీసి పరీక్షకి పంపారు. మెలనోమా అన్నారు. మడమ దగ్గర వెడల్పుగా కోసేసి, తొడ మీది చర్మం తెచ్చి అతికారు. గజ్జల్లో గడ్డలు కూడా తీశారు.

ఇంటికొచ్చాక అల్లుడు మెల్లగా అన్నాడు. "అమ్మా, బయట ఎవరికీ చెప్పకు. ప్రైవేట్ మేటర్. అందరూ పాపం అంటారు."

"మచ్చ మంచిదని ఊరంతా చూపించానురా. చెడ్డదని తెలిశాక దాచుకోనా?"

చక్రాల కుర్చీ తెస్తే ముట్టుకోలేదు. చేతికర్రతో లేచింది. ఆదివారం గుడి బయట, చెప్పులు విప్పేచోట, కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే ఆవిడ చోటు. కంప్యూటరు పిల్లలు వచ్చి "ఆంటీ, బ్లెస్ చెయ్యండి" అని వంగితే కాళ్లు వెనక్కి లాక్కునేది.

"ముందు నీ అరికాలు చూపించు. తర్వాత దీవెన."

"ఇక్కడా ఆంటీ? అందరూ చూస్తున్నారు."

"దేవుడి కోసం చెప్పులు విప్పావు. నా కోసం మేజోడు విప్పలేవా?"

ఒక కుర్రాడు మాత్రం నవ్వాడు. "వై టూ కే అని కూడా ఇలాగే భయపెట్టారాంటీ. కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్నారు. ఏమైంది?"

"మీరంతా రాత్రింబవళ్లు కూర్చుని వెతికి సరిచేశారు గనక ఏమీ కాలేదు. వెతక్కుండా ఊరుకుంటే తెలిసేది. తియ్యి మేజోడు."

తీశాడు. చిటికెనవేలి కింద నల్లటి చుక్క. కొత్తగా వచ్చిందన్నాడు. ఆ వారంలోనే వాణ్ణి డాక్టరు దగ్గరికి తోలింది. అదీ అదే జబ్బు, ఇంకా లోపలికి దిగలేదు. కోసి తీసేశారు. వాడిప్పుడు పరుగులు పెడుతున్నాడు.

నేను మాత్రం ఆవిడకి కాలు చూపించలేదు. గదిలో కూర్చుని అద్దంలో చూసుకునేవాణ్ణి. వియ్యపురాలి ముందు అరికాలు ఎత్తడమేమిటి? ఆవిడ ఊరుకుంటుందా! "అన్నయ్యగారూ, పెళ్లిపీటల మీద మావాడి కాళ్లు పళ్లెంలో పెట్టి కడిగారుగా. మీరు మా కాళ్లు చూడొచ్చు, మేం మీ కాళ్లు చూడకూడదా? ఇదేం వియ్యం?" అని అమ్మాయి ముందే అనేది. నేను పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ణి.

రెండో ఏడు ఆవిడ జబ్బు ఊపిరితిత్తుల్లోకి పాకింది. చేయగలిగింది పెద్దగా లేదన్నారు. ఆవిడ కళ్లు తుడుచుకుని, "నాది ఆలస్యంగా చూశారు. మిగతావాళ్లవి ముందే చూద్దాం" అంది. తర్వాతి ఆదివారం దగ్గుతూనే కుర్చీలో ఉంది. వాన పడుతుంటే గొడుగు నేను పట్టాను.

దహనం చేసే హాల్లో పెట్టె తెరిచి ఉంచారు. కాలి మీద అతుకు వేరే రంగులో కనిపిస్తోంది. "మేజోళ్లు తొడిగేద్దాం, చూడ్డానికి బాగుంటుంది" అంది ఒకావిడ.

"వద్దాంటీ. కనబడనీ. అత్తయ్య దాచుకోలేదు" అంది మా అమ్మాయి.

అందరూ వరసగా వచ్చి కాళ్లకి దండం పెడుతున్నారు. ఆ కుర్రాడి వంతు వచ్చింది. వాడు వంగలేదు. బూటు విప్పి, మేజోడు లాగేసి, అరికాలు ఆవిడ వైపు తిప్పి చూపించాడు. ఆ తర్వాతే వంగి దండం పెట్టాడు. పంతులుగారు తెల్లబోయారు. ఎవరూ నవ్వలేదు. వెనకున్న పిల్లలు నేలమీద కూర్చుని బూట్లు విప్పడం మొదలుపెట్టారు.

నా వంతు వచ్చింది. నా కాలు మొన్ననే డాక్టరమ్మ చూసింది, ఏమీ లేదంది. అయినా వంగి బూటు తాడు లాగాను. మేజోడు తీసి జేబులో పెట్టుకున్నాను. నేల చల్లగా ఉంది. అందరూ చూస్తున్నారు. చూడనీ. పెట్టె అంచు పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి, "చూసుకో చెల్లెమ్మా" అని అరికాలు ఆవిడ వైపు తిప్పాను.