బెల్లం లేని సద్దిమూట

మొన్న ఆదివారం మా తమ్ముని బిడ్డ ఫోన్ చేసింది. హైదరాబాదులో ఉద్యోగం దానికి. స్నేహితురాళ్లతో కలిసి రాజస్థాన్ వైపు ఎడారిలో జరిగే ఏదో ఉత్సవానికి పోతున్నారట, మూడు రోజులు ఇసుకలో గుడారాలు వేసుకొని ఉంటారట, అక్కడ పొయ్యి ముట్టించనివ్వరట. "అత్తా, వండకుండ తినేటివి, ఒంటికి మంచివి జర రాసి పంపవా" అని అడిగింది. ముప్పై ఏళ్లు అంగన్‌వాడీ టీచరుగా చేసి దిగినదాన్ని, ఏది తింటే మంచిదో అని ఎవరైనా నోరు జారి అడిగితే వాళ్లను ఇక వదలని మనిషిని, సంబరంగా కాగితం ముందేసుకొని కూర్చున్నాను. నానబెట్టిన పెసలు అని మొదటి మాట రాశాను. రెండో మాటకు చెయ్యి కదలలేదు.

తెలంగాణ వచ్చాక రెండో ఎండాకాలమో మూడోదో, నాకిప్పుడు సరిగా గుర్తులేదు కానీ, ఇలాంటి మూటే ఒకటి నా చేతులతో నేనే కట్టాను. అది ఇసుకకు కాదు, అడవికి. అచ్చంపేట దాటి నల్లమల లోపలికి పోతే లోయ అడుగున, జలపాతం పక్కన గుహలో లింగమయ్య ఉంటాడు. చైత్ర పున్నమికి నాలుగు రోజులు మాత్రమే ఆ దారి తెరుస్తారు, మిగతా ఏడాదంతా అది పులుల జాగా. మా బాపు పెళ్లి కాకముందు నుంచి ఆ జాతరకు పోయినవాడు. ఆయన కాలంలో మూడు రాళ్లు పెట్టి, ఎండుపుల్లలు ఏరి, అడవిలోనే అన్నం వండుకొని తినేవారట. ఎండాకాలం అడవికి నిప్పంటుకుంటుందని తరువాత్తరువాత అది మాన్పించారు. గేటు దగ్గరే సంచులు వెతికి అగ్గిపెట్టె కూడా తీసి పక్కన పెట్టేవారు. మంచి పనే, నేను తప్పు పట్టను.

బాపుకు అప్పటికి ఎనభై దగ్గర పడ్డాయి, పన్నెండేళ్ల షుగరు. మోకాళ్ల నొప్పులతో నాలుగేళ్లుగా జాతర తప్పిపోయింది. ఆ ఏడు ఉగాది నాడు నన్ను పిలిచి, చిన్నపిల్లవాడు మిఠాయి అడిగినంత మెల్లగా అడిగాడు. "ఒక్కపారి లింగమయ్యను చూపియ్యి బిడ్డా, మల్ల అడగ." జీవితంలో ఆయన నన్ను అడిగింది అదొక్కటే అనుకుంటాను. తమ్ముడు వద్దన్నాడు, మరదలు భయపడింది, నేను మాత్రం తీసుకుపోతానని మాటిచ్చాను. నేను పక్కనుండగా ఆయనకు ఏమవుతుందన్న ధీమా నాది.

ఆ మూట కట్టడానికి నేను పడ్డ హడావుడి ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, వెంటనే నవ్వు ఆగిపోతుంది కూడా. మళ్లీ వేడి చేయకపోయినా పాడవని కడక్ జొన్న రొట్టెలు ఇంట్లోనే కాల్చి గుడ్డలో చుట్టాను. మొలకెత్తిన పెసలు, పుట్నాలు, పల్లీలు, అటుకులు, దోసకాయలు, రెండు పుల్లమామిడికాయలు సర్దాను. పచ్చిపులుసు కోసం చింతపండు, ఉల్లిగడ్డ, పచ్చిమిరప విడిగా కట్టాను. మన పచ్చిపులుసు ఎంత గొప్పదో మన ఈడు వాళ్లకు చెప్పనక్కరలేదు. పొయ్యి ముఖం చూడకుండానే నాలుగు నిమిషాల్లో నలుగురికి పులుసవుతుంది, పైగా ఎండదెబ్బకు మందు. నేను ఇవన్నీ సర్దుతుంటే మరదలు వచ్చి ఒక బెల్లం ముద్ద సంచిలో వేసింది. నేను దాన్ని తీసి మళ్లీ గూట్లో పెట్టి, షుగరున్న మనిషి మూటలో బెల్లం ఏమిటని దానికి పది నిమిషాలు క్లాసు పీకాను. చెప్పేవాళ్లకు వినేవాళ్లు లోకువ.

తమ్ముడు కూడా కదలక తప్పలేదు, ముగ్గురం బయలుదేరాం. మొదటి సాయంత్రం అడవి అంచున, చెట్ల కింద చాపలు పరుచుకున్న వందలాది జనం మధ్య మేమూ చాప పరిచాం. చుట్టుపక్కల వాళ్లు పొద్దున ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నాలు ఎండకు పాడై పారబోస్తున్నారు. నేను గిన్నెలో చింతపండు పిసికి, ఉల్లిగడ్డ చిదిమి, రొట్టె తుంచి బాపుకు పెట్టాను. ఆయన రెండో రొట్టె అడిగి తిన్నాడు, తిని పక్క చాపల వాళ్లతో, మా బిడ్డ గవర్నమెంటు టీచరు, పొయ్యి లేకున్నా పెండ్లి వంట పెడుతుంది అని గొప్పలు చెప్పాడు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు వచ్చి పచ్చిపులుసు పోయించుకొని పోయారు. ఆ సాయంత్రం నేను పొందిన గర్వం నా ఉద్యోగంలో ఏ మీటింగులోనూ పొందలేదు.

తెల్లవారి లోయలోకి దిగే రోజు. ఆ రోజు లింగమయ్యను చూసేదాకా బాపు ఒక్కపొద్దు ఉంటాడు, అది ఆయన కుర్రతనం నుంచి పెట్టుకున్న నియమం. నేను దానికి ముందే విరుగుడు ఆలోచించి పెట్టుకున్నాను. ఒక్కపొద్దుకు అడ్డం వండినది కానీ వండనిది కాదు కదా, పండ్లు తినరా, పాలు తాగరా, నానిన పెసలు కూడా అంతే అని వాదించాను. బాపు అటుకుల వైపు చూసి, "ఇవి ఉడికిన వడ్లను దంచినయే గద బిడ్డా, ఉడికినంక అది అన్నమే" అన్నాడు. పెసలు నానితే సగం ఉడికినట్టే అని కూడా అన్నాడు. నేను గొంతు పెంచేసరికి పెసల డబ్బా తీసుకొని, "తింట తీ" అన్నాడు. ఆయన మాట మీద నమ్మకంతో షుగరు గోలీ వేశాను, వేసి నీళ్లు నేనే తాగించాను.

దారంతా బండరాళ్లు, కాళ్ల కింద జారే ఎండుటాకులు. బాపు తమ్ముని భుజం పట్టుకొని దిగుతూ, ఆగినప్పుడల్లా రాయి మీద కూర్చొనేవాడు. ఒకచోట నేనూ తమ్ముడూ నీళ్లు పట్టుకొని వచ్చేసరికి డబ్బా ఖాళీగా కనిపించింది. గెలిచాననుకున్నాను. ఎంత మొండివాడైనా బిడ్డ మాట వింటాడని లోలోపల మురిసిపోయాను కూడా.

పొద్దు నడినెత్తికి రాకముందే ఆయన మాట తడబడింది. చెమట, మామూలు చెమట కాదు, కండువా పిండితే కారేంత. నన్ను చూసి మా అమ్మ పేరు పెట్టి పిలిచాడు. చేతులు వణుకుతూ రాయి మీద నుంచి పక్కకు ఒరిగాడు. అదేమిటో నాకు ఒక్క క్షణంలో తెలిసిపోయింది, ఎన్ని శిక్షణల్లో విన్నానో, ఎంతమందికి చెప్పానో. షుగరు పడిపోయింది, గుప్పెడు చక్కెరో బెల్లమో నోట్లో పడితే మనిషి లేస్తాడు. మూట విప్పాను. పల్లీలు, పుట్నాలు, దోసకాయ, పుల్లమామిడి. అన్నీ ఉన్నా అల్లుని నోట్లో శని అంటారే, అంత పెద్ద మూటలో చిటికెడు తీపి లేదు. ఫోన్లో సిగ్నల్ లేదు. తమ్ముడు పైకి పరుగెత్తాడు కానీ పైన రోడ్డు గంట నడక. నేను బాపు తల ఒళ్లో పెట్టుకొని, ఏం చేయాలో తెలిసి, చేయడానికి చేతిలో ఏమీ లేక, దారిన పోయేవాళ్ల ముఖాలు చూస్తూ కూర్చున్నాను.

హుజూర్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఒకామె ఆగింది. నడుముకు కట్టుకున్న ముడుపు విప్పితే అందులో మలీద ముద్దలు, జొన్నరొట్టె బెల్లం కలిపి దంచినవి, లింగమయ్యకు నైవేద్యం. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ముద్ద చిదిపి నీళ్లలో కలిపి, ఆ తీపి నీళ్లు కొద్దికొద్దిగా బాపు నోట్లో పోసింది. "గీ పెద్దాయనే గద పొద్దుగాల మాకు పెసలు వెట్టింది! నాకు ఒక్కపొద్దు, మీరు తినుండ్రి అన్నడు" అంది నాతో. డబ్బా ఎలా ఖాళీ అయిందో నాకు అప్పుడు తెలిసింది. ఆయన నన్ను నొప్పించలేదు, నియమం తప్పలేదు, ఆకలైనవాళ్లకు పెట్టాడు. ఆయన లెక్కలో అన్నీ సరిపోయాయి. నేను వేసిన గోలీ మీద ఏమీ తినకపోతే ఏమవుతుందో ఆయనకు ఏం తెలుసు?

కాసేపటికి బాపు కళ్లు తెరిచాడు. నాలుక మీది తీపి తెలిసింది, పక్కన విప్పిన ముడుపు కనిపించింది. కిందనుంచి నీళ్లు పడే చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది, లింగమయ్య ఇక అరగంట దూరం. మనుషుల్ని పిలిచి మోయించుకుపోదాం అన్నాను, బతిమాలాను, ఏడ్చాను. ఆ హుజూర్‌నగర్ ఆమె కూడా, లింగమయ్య ఏమీ అనుకోడని, మనిషి కంటే నైవేద్యం ఎక్కువా అని నచ్చజెప్పింది. బాపు తల అడ్డంగా ఊపాడు. "దేవునికి పోయే సద్ది దేవునికంటె ముందుగల నేను తిన్న. ఇంక నేను దిగ. నువ్వు పోయిరా బిడ్డా, నేనీడ కూసుంట" అన్నాడు. కోపంగా అని ఉంటే నేను ఎదురు చెప్పేదాన్ని. కోపం లేదు, నా మీద నిష్ఠూరం లేదు, అది నాకు మరీ కష్టమయ్యింది. ఆయన్ను వదిలి నేనెలా పోతాను? పైనుంచి తమ్ముడు ఇద్దరు మనుషుల్ని తెచ్చేదాకా అక్కడే కూర్చొని, ఆ నీళ్ల చప్పుడు ఇద్దరం వింటూ ఉండిపోయాం. తరువాత ఆయన్ను పైకి మోసుకొచ్చారు.

బాపు ఆ తరువాత రెండు చైత్ర పున్నములే చూశాడు. అడవి మాట మళ్లీ ఎత్తలేదు, అడగనన్నాడు కదా, అడగలేదు. ఆ రెండు రోజులూ తెల్లవారుజామునే స్నానం చేసి, జడ్చర్లలో మా ఇంటి మెట్ల మీద నల్లమల వైపు ముఖం పెట్టి ఒక్కపొద్దు కూర్చున్నాడు. డాక్టరును అడిగి ఆ పూట గోలీ ఆపేశాను. ఊరందరికీ తిండి పాఠాలు చెప్పే నేను తినమని అనలేక, వద్దని అనలేక, పొద్దు వాలేదాకా ఆయన పక్కన ఊరికే కూర్చున్నాను.

ఇప్పుడు జాతర చాలా మారిందంటారు. దారిలో మంచినీళ్ల డ్రమ్ములు పెట్టారట, డాక్టర్లు కూర్చుంటున్నారట, పొద్దున పోయిన పిల్లలు మధ్యాహ్నానికి వచ్చేస్తున్నారట, లింగమయ్యను ఫోన్లో పట్టుకొచ్చి చూపిస్తున్నారు కూడా. వాళ్లు చూపించబోతే నేను కళ్లద్దాలు లేవని చెప్పి తప్పించుకుంటాను. నా కాళ్లు ఇంకా బాగానే ఉన్నాయి, పోతానంటే వద్దనేవాళ్లు లేరు, తమ్ముడు తోడు వస్తాననే అంటాడు. కానీ అరగంట దూరంలో బాపును వెనక్కు మళ్లించింది నేనే కదా. ఆయన చూడకుండా తిరిగొచ్చిన దేవుణ్ణి ఇప్పుడు నేనొక్కదాన్నే పోయి ఏ ముఖం పెట్టుకొని చూడను?