ధైర్యం చెప్పబోయిన రోజు

ఓదార్చబోయి మనిషిని ఇంకా భయపెట్టినవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. గదినిండా డాక్టర్లను, నర్సులను కూర్చోబెట్టుకొని మరీ ఆ ఘనకార్యం చేసింది మాత్రం బహుశా నేనొక్కదాన్నే. నా పరువు ఎలా పోయిందో వినండి.

తమిళనాడులోని ధర్మపురిలో ఒక ఆస్పత్రి క్యాన్సర్ వార్డులో నర్సుగా చేరిన కొత్త. జబ్బుతోపాటు వచ్చే దిగులును, భయాన్ని ఎలా పలకరించాలో మాకు శిక్షణ పెట్టారు. ఒకరు రోగి వేషం కడతారు. నిజమైన రోగి అనుకొనే మనం మాట్లాడాలి. శిక్షణ ఇచ్చే డాక్టరమ్మ చెన్నై నుంచి వచ్చింది. "పేషెంటు ఇంటి భాషలో మాట్లాడితేనే మనసు విప్పుతుంది" అని, ఇంట్లో తెలుగు మాట్లాడే నన్ను లేపింది. ఆమెకు తెలుగు రాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిదే, ఆగడమే దానికి తెలియదు.

రోగి వేషం కట్టింది నాటకాలు వేసే సరోజక్క. రొమ్ము క్యాన్సరని ఆ పొద్దునే తెలిసిన, పశువులు మేపుకొనే పల్లె మనిషి పాత్ర. తల వంచుకొని కొంగు మెలిపెడుతూ కూర్చుంది.

"ఎట్ల ఉండావక్కా?" అన్నాను.

పలకలేదు. రెండు క్షణాల మౌనం నాకు రెండు యుగాలైంది.

"భయపడొద్దక్కా! మా పెద్దమ్మకూ ఇదే వచ్చినాది. ఎంత ధైర్యం ఆమెకు! మందు ఎక్కించుకొని ఇంటికొచ్చి రాగిముద్ద తినేది."

సరోజక్క తలెత్తింది. "ఇప్పుడు బాగుండాదా?"

మా పెద్దమ్మ పోయిందన్న సంగతి నా నాలుకకు అప్పుడే గుర్తొచ్చింది. తొప్పూరు ఘాట్‌లో బ్రేకు పోయిన లారీ ఆగితేగా, నేను ఆగడానికి!

"పోయినాది. అయితే ఈ జబ్బుతో కాదక్కా!"

"మరి?"

"ఎద్దు పొడిచినాది!"

శుద్ధ అబద్ధం. ఆమెను తీసుకుపోయింది ఆ జబ్బే. పైగా చెప్పింది ఎవరికి? పశువులు మేపుకొనే మనిషికి!

సరోజక్క కొంగులో ముఖం దాచుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. డాక్టరమ్మ కళ్లు ఒత్తుకుంటూ, "చూశారా, లోపలి ఏడుపును ఎలా బయటికి తెచ్చిందో!" అని తమిళంలో మెచ్చుకొని చప్పట్లు కొట్టించింది. నేనూ నమ్మేసి నమస్కారం పెట్టాను.

అంతా అయ్యాక, రోగిగా కూర్చున్నవాళ్లు తమకేమనిపించిందో చెప్పాలి. సరోజక్క కొంగు తీసింది. నవ్వి నవ్వి ఆమె కళ్లలో నీళ్లు. ఎద్దు కథంతా తమిళంలో చెప్పేసరికి గది దద్దరిల్లింది. దూరడానికి బెంచీ కింద కూడా చోటు లేదు నాకు.

అప్పుడామె నవ్వు ఆపి నావైపు తిరిగింది.

"తప్పుగా అనుకోవద్దు తల్లీ. 'నా కూతురికింకా చెప్పలేదు, ఎట్ల చెప్పేది?' ఈ ఒక్క మాట అడగమని నాకు చెప్పి పంపినారు. నువ్వు ఊపిరి తీసుకునేటప్పుడు అడుగుదామని కాచుకొని ఉంటిని. నువ్వు తీసుకోనే లేదు."

నేను నవ్వలేకపోయాను. వార్డులో నా గలగల కింద ఇలా ఎందరి మాటలు అణిగిపోయాయో అనిపించింది.

కొన్నాళ్లకు మహేంద్రమంగళం నుంచి ఒకామె వచ్చింది. ఈమె నిజమైన రోగి. భర్త మందులు తేవడానికి వెళ్లాడు. "ఏమి భయంగా ఉండాదక్కా?" అని అడిగి, నాలుకను పళ్ల మధ్య బిగించి కూర్చున్నాను. చాలాసేపటికి ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"జుట్టంతా రాలిపోతే నా మనవడు నా దగ్గరికి రాడేమో సిస్టరమ్మా."

ఏడ్చింది. ఆ పిల్లవాడి గురించి చెప్పింది, మళ్లీ ఏడ్చింది. నేను చెయ్యి వదలలేదు. తిరిగొచ్చిన భర్త మమ్మల్నిద్దరినీ కాసేపు చూసి, భార్య చెవి దగ్గర గొణిగాడు: "పాపం, ఈ సిస్టరమ్మకు మాటలు రావా?"

"ఊరుకో! ఇంతసేపూ ఆయమ్మ ఎంత బాగా మాట్లాడిందో నీకేమి తెలుసు?"

అందుకని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఎదుటి మనిషి భయం పూర్తిగా వినేదాకా నేనెవరికీ ధైర్యం చెప్పను. ఈ ప్రమాణం మా ఇంట్లో చెల్లదని మావారికి ముందే చెప్పేశాను.