ట్రాక్టరెక్కిన పైలట్

నేను వైమానిక దళంలో పైలట్‌ని. మొన్నటి యుద్ధంలో తొమ్మిది రోజులు, సైరన్ మోగిన ప్రతిసారీ పరిగెత్తి విమానమెక్కి, బెల్టులు బిగించుకుని ఆర్డర్ కోసం కూర్చున్నాను. ప్రతిసారీ దిగిపొమ్మన్నారు. ఒక్కసారి కూడా ఎగరలేదు.

సెలవు దొరికి పూతలపట్టు దగ్గర మా ఊరికి వచ్చిన రోజే చెల్లెలి సీమంతం. పందిట్లో పంక్తిలో కూర్చున్నాను. అమ్మ గుండుతో వడ్డిస్తోంది. నేను క్షేమంగా రావాలని మొక్కుకుని తిరుమలలో తలనీలాలిచ్చిందనుకున్నాను.

"ఎన్ని విమానాలు కూల్చినావప్పా?" అని మామ అందరి ముందూ అడిగాడు. అంతలో పక్కనున్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీ సైరన్ మోగింది.

తెలివి వచ్చేసరికి ఇంటి పక్క మా మామిడితోపులో నిలిపిన ట్రాక్టర్ ఎక్కి ఉన్నాను. ఎంగిలి చేత్తో భుజాల దగ్గర బెల్టులు వెతుక్కుంటున్నాను. పందిట్లో ఒకటే నవ్వులు.

నాయన నా చెప్పులు పట్టుకుని రొప్పుతూ వచ్చాడు.

"నేనసలు ఎగరనే లేదు నాయనా" అన్నాను, ఏడుపు ఆపుకోలేక.

"నువ్వు ఎగరకూడదనే కదరా మీయమ్మ కొండకు మొక్కుకునింది! ఆ గుండు సూసినావు గదా? చెప్పులేసుకో."

ఇప్పటికీ సైరన్ వింటే నా కాళ్లు ఆగవు. తొమ్మిది రోజులు నన్ను నేల మీదే కట్టేసిన అమ్మ మీద కోపం తెచ్చుకుందామంటే, ఆ గుండే గుర్తొస్తుంది.