హన్మయ్య పేరు మీద

జీవరాజ్ వేగంగా పరుగెత్తేవాడు కాదు. బీదరులో అతని ఆట చూసినవాళ్ళు ముందుగా చెప్పే మాట ఇదే. బంతి ఎక్కడికి రాబోతుందనుకుంటే అక్కడికి నడిచివెళ్ళి నిలబడేవాడు. చాలాసార్లు బంతి వచ్చేది కాదు. అప్పుడు ఇంకో చోటికి నడిచేవాడు. గంటన్నర ఆటలో ఎక్కువ భాగం అతను ఏ పనీ లేని మనిషిలా కనిపించేవాడు.

మంగళపేటలో పుట్టాడు. తండ్రి ఏసప్ప మిషన్ ఆసుపత్రి బండి తోలేవాడు. బడి వెనుక మైదానమంతా ఎర్రమొరం. పడితే చర్మం లేచిపోయేది. పిల్లలు పడకుండా ఆడటం ముందు నేర్చుకుని తర్వాత ఆట నేర్చుకునేవాళ్ళు. డ్రిల్లు మాస్టరు ఒకరోజు వరసలో నిలబెట్టి ఒక్కొక్కరికీ చోటు చెప్పాడు. జీవరాజ్ దగ్గర ఆగి, "నువ్వు ఉరుకవు. ముందట నిలవడు. బాలొస్తె గోలుల కొట్టు. రాకపోతె ఊకె ఉండు" అన్నాడు. అతను నేర్చుకున్న ఆట మొత్తం అంతే.

అరవై రెండులో నీళ్ళ దఫ్తరు ఇంజనీరు అతని ఆట చూశాడు. ఆ ఇంజనీరుకు ఫుట్‌బాల్ పిచ్చి. తన దఫ్తరుకు ఒక జట్టు ఉండాలని ఆయన కోరిక. జీవరాజ్‌ను మస్టరు మీద పెట్టుకున్నాడు. నాలుగు గల్లీలకు వంతుల ప్రకారం వాల్వు తిప్పి నీళ్ళు వదలడం పని. పని ఉన్న రోజుకే కూలి. మూడు నెలలకొకసారి ఒక రోజు అతన్ని తీసేసి, మర్నాడు మళ్ళీ పెట్టుకునేవారు. అలా చేస్తే అతను ఎన్నేళ్ళు పనిచేసినా కాగితం మీద మూడు నెలల మనిషే. ఆ ఒక్క రోజును అందరూ బ్రేకు అనేవారు. బ్రేకు రోజున కూడా నీళ్ళు వదలాలి కాబట్టి అతను వెళ్ళి వాల్వు తిప్పేవాడు.

గుల్బర్గాలో ప్రతి డిసెంబరులో సర్కారీ దఫ్తర్ల మధ్య కప్పు పోటీ జరిగేది. పర్మినెంటు నౌకర్లే ఆడాలని నియమం. జీవరాజ్ పర్మినెంటు కాదు. ఇంజనీరు రెండు రోజులు ఆలోచించి హన్మయ్యను పిలిపించాడు. హన్మయ్య పంపుహౌసు చప్రాసీ, చిమ్‌కోడ్ మనిషి, పర్మినెంటు. వయసులో రెండేళ్ళు పెద్ద. ఎత్తు దాదాపు ఒకటే.

"నీ పేరు మీద జీవరాజ్ ఆడుతడు. నువ్వు బ్యాగు మోసుకొని వెంట పో. బీదర్ల కనవడొద్దు" అన్నాడు ఇంజనీరు. జీవరాజ్ వైపు తిరిగి, "కప్పు తే. నీ నౌకరీ సంగతి నేను చూస్త" అన్నాడు.

జీవరాజ్ కన్నడ అక్షరాల్లో హన్మయ్య సంతకం నేర్చుకున్నాడు. అరవై అయిదు నుంచి అరవై తొమ్మిది దాకా అయిదేళ్ళు గుల్బర్గాలో ఆడాడు. రెండుసార్లు కప్పు వచ్చింది. గోలు పడినప్పుడల్లా మైకులో హన్మయ్య పేరు చెప్పేవారు. జనం ఆ పేరే అరిచేవారు. మొదటి ఏడాది పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. మూడో ఏడాదికి ఎవరు హన్మయ్యా అన్నా ఇద్దరూ తిరిగి చూసేవారు. అసలు హన్మయ్య గీత పక్కన నీళ్ళ కుండ దగ్గర కూర్చుని ఉండేవాడు. పోటీ అయ్యాక సర్టిఫికెట్ హన్మయ్య పేరు మీద వచ్చేది. సర్వీసు పుస్తకంలో ఇంక్రిమెంటు కూడా అతనికే పడేది. జీవరాజ్ నౌకరీ సంగతి ఇంజనీరు వచ్చే ఏడాది చూస్తాననేవాడు.

అరవై తొమ్మిదిలో ఎక్సైజు జట్టు బ్యాకు ఒకడు అడ్డం పడితే జీవరాజ్ కుడి మోకాలు తిరిగింది. గుల్బర్గా ఆసుపత్రి చీటీలో కూడా హన్మయ్య అనే రాశారు. ఆ చీటీ మీద దఫ్తరు హన్మయ్యకు ఇరవై రోజులు సెలవు ఇచ్చింది. ఆ ఇరవై రోజులు అతను చిమ్‌కోడ్‌లో కందులు కొట్టించుకున్నాడు. జీవరాజ్ మూడో రోజున కర్ర పట్టుకుని వాల్వుల దగ్గరికి వచ్చాడు. రాకపోతే మస్టరులో పేరు ఉండదు.

మరుసటి ఏడు ఇంజనీరు బదిలీ అయ్యాడు. తర్వాత వచ్చినవారికి ఆట అక్కర్లేదు. బంతిలో గాలి పోయింది. జట్టు ఫలానా రోజున అయిపోయిందని ఎవరూ చెప్పలేదు. జీవరాజ్‌కు ముప్పై ఏళ్ళు. మోకాలు చలికాలం వాచేది. భార్య కరుణమ్మ ఆసుపత్రిలో ఆయా. పని నుంచి వచ్చి నూనె కాచి రుద్దేది.

రాష్ట్రం పేరు కర్ణాటక అయిన మరుసటి ఏడాది దఫ్తరుకు ఒక ఆర్డరు వచ్చింది. హెడ్ గుమాస్తా విద్యాసాగర్ జీవరాజ్‌ను పిలిచి కన్నడంలో ఉన్నది చదివి తెలుగులో చెప్పాడు. మస్టరు మీద పనిచేస్తూ అయిదేళ్ళు దఫ్తరు తరఫున ఆటలాడినవారిని పర్మినెంటు చేయవచ్చు. సర్టిఫికెట్లు జత చేయాలి. నెల గడువు.

"అయిదేండ్లు. నీ కోసమే రాసినట్టుంది" అన్నాడు విద్యాసాగర్.

"సర్టిఫికెట్లు నా పేరు మీద లేవు గద సార్."

"అదే చెప్తున్న."

ఆ రాత్రి ఇంట్లో ఆ మాట విని కరుణమ్మ నూనె గిన్నె కింద పెట్టింది. "మోకాలు నీదయినప్పుడు కొట్టిన గోలులు ఆయనయి ఎట్లయితయి? పోయి అడుగు."

"అడిగితె ఆయన నౌకరీ పోతది."

"పన్నెండేండ్లు నిన్ను మూడు నెలల మనిషిని జేసిన్రు. అప్పుడెవరన్న ఇట్ల అనుకున్నరా? పోయి అడుగు. ఏమంటడో ఇను."

ఆదివారం ప్రార్థన అయ్యాక జీవరాజ్ సైకిలు మీద చిమ్‌కోడ్ వెళ్ళాడు. చెడిన కాలు వేలాడదీసి ఎడమ కాలుతోనే తొక్కాడు. చాలాసేపు పట్టింది.

హన్మయ్య చేనులో ఉన్నాడు. అతని తల్లి పోశమ్మ అరుగు మీద కూర్చోమంది. భార్య శంకరమ్మ చాయ్ పెట్టింది. తలుపు పైన గోడకు అయిదు సర్టిఫికెట్లు అద్దాలు కట్టించి ఉన్నాయి. వాటికి పసుపు బొట్లు పెట్టారు.

"నువ్వు సుత గా దఫ్తర్లనే జేస్తవా బిడ్డా?" అంది పోశమ్మ.

"ఆఁ అవ్వా."

"మా హన్మయ్య ఆట చూసినవా ఎన్నడన్న?"

జీవరాజ్ చాయ్ ఊదుకున్నాడు. "చూసిన."

"గుల్బర్గంత లేశి నిలవడ్డదంట. ఇంట్ల కట్టెలు కొట్టుమంటె మాత్రం నడుం నొస్తాందంటడు."

శంకరమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "నాకైతె ఇప్పటికి నమ్మకం గాదు అత్తా. మొన్న బర్రె తెంపుకపోతె ఊరవతలి దాక ఉరికిండు, దొరకలే. దాన్ని నేనే పట్టుకొచ్చిన."

"బర్రెకు గోలుంటదా? గోలుంటె కొడుతుండె" అంది పోశమ్మ.

అప్పటికే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డ హన్మయ్య నవ్వలేదు. జీవరాజ్‌ను కొట్టం వైపు తీసుకెళ్ళాడు. అక్కడ బర్రె మేత నములుతోంది.

"ఆర్డరు సంగతేనా?" అన్నాడు హన్మయ్య.

"ఆఁ."

"నేను సుత ఇన్న. నువ్వొస్తవని నాలుగు రోజుల సంది చూస్తున్న."

"నువ్వు వద్దంటె వాపస్ పోత హన్మన్నా."

"వద్దని ఏ మొఖంతోని అంట? రేపు దఫ్తర్ల చెప్త. ఆడింది నేను గాదని చెప్త."

"నీ నౌకరీ?"

"చూద్దాం తియ్. పండుగొచ్చినప్పుడల్లా మా అవ్వ వాటికి బొట్టు పెడ్తది. నేను అవుతలికి పోయి నిలవడ్త. ఎన్నేండ్లు నిలవడాలె?"

లోపలికి వెళ్ళి స్టూలు ఎక్కి అయిదు ఫ్రేములూ దించాడు. అద్దాలు తుడిపించుకొస్తానని తల్లికి చెప్పాడు. "పైలం, పలుగుతయి" అని ఆమె తన తువాలు ఇచ్చింది.

మర్నాడు ఇద్దరూ ఇప్పటి ఇంజనీరు సుందరం గది ముందు చెప్పులు విడిచారు. సుందరం కోలారు వైపు మనిషి. తెలుగు వచ్చు గానీ బీదరు మాట వింటే ఒక క్షణం ఆగి అర్థం చేసుకునేవాడు. హన్మయ్య తువాలు విప్పి ఫ్రేములు బల్ల మీద పెట్టాడు.

"ఇవి నావి గావు సార్. ఈయనవి. నా పేరు మీద ఈయన ఆడిండు."

సుందరం లేచి తలుపు తనే వేశాడు. మొత్తం విన్నాడు. మధ్యలో ఒక్కసారీ గొంతు పెంచలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు. "ఇది పైకి రాస్తే ఇతనికి నౌకరీ రావచ్చు. అప్పటి ఇంజనీరు చెప్పాడు కాబట్టి ఆడానంటే వింటారు. కానీ హన్మయ్యా, అయిదు ఇంక్రిమెంట్లు తీసుకున్నది నువ్వు. లేని దెబ్బకు సెలవు తీసుకున్నది నువ్వు. నేను రాసిన రోజే నిన్ను సస్పెండు చేయాలి. తిరిగి తీసుకుంటారో లేదో చెప్పలేను. తెలుసా?"

"తెలుసు సార్."

సుందరం ఒక ఫ్రేము దగ్గరికి లాక్కుని జీవరాజ్‌ను చూశాడు. "అరవై ఏడు ఫైనల్లో ఒక గోలు అని ఉంది. ఎట్లా వేశావు?"

జీవరాజ్ ఆలోచించాడు. మొరం దుమ్ము గుర్తుకొచ్చింది. డొక్కలో ఎవరిదో మోచెయ్యి. తర్వాత మీద పడి కావలించుకున్న మనుషుల చెమట. మధ్యలో ఏం జరిగిందో ఎంత వెతికినా దొరకలేదు.

"బాలొచ్చింది సార్. కొట్టిన."

"అంతేనా?"

"అంతే."

హన్మయ్య ఉండలేకపోయాడు. "అంతె గాదు సార్. ఎడమ దిక్కు నుంచి మా జట్టు పీరప్ప బాలు తీసుకొని వస్తుండు. వాళ్ళ మనుషులు ముగ్గురు పీరప్ప మీదికి పోయిన్రు. అందరు గోలు దిక్కు ఉరుకుతున్నరు. ఈయన రెండడుగులు ఎనుకకు నడిచిండు సార్. గోలుకు దూరంగ. గీత మీదున్నోళ్ళంత తిట్టిన్రు. నేను సుత తిట్టిన. పీరప్ప కొట్టింది వాళ్ళోని మోకాలుకు తగిలి అవుతల వడ్డది. ఎక్కడ వడ్డది? ఈయన నిలవడ్డ కాడ. ఆపలేదు సార్. వచ్చింది వచ్చినట్టె ఎడమ కాలుతోని. గోలుకీపరు ఇంక పీరప్పనే చూస్తుండు. గోలుకు కట్టిన జాలి ఒక మూలకు చినిగి ఉండె. అందుల నుంచి బాలు అవుతలికి వచ్చి నా కుండ కాడ ఆగింది. నేనే తీసి లోపలికి ఏసిన."

సుందరం కలం మూత పెట్టాడు.

"వేశానన్నవాడు రెండు ముక్కలు చెప్పాడు. వేయలేదన్నవాడు ఇంత చెప్పాడు. నేను ఏమని రాయను?" అన్నాడు. ఎగతాళిగా అనలేదు.

జీవరాజ్ హన్మయ్యను చూస్తున్నాడు. ఆ రెండడుగులు ఎవరికైనా గుర్తుంటాయని అనుకోలేదు. తనకే మరపుకొచ్చాయి.

"జీవరాజ్, నీ నోటితో ఒక్క మాట చెప్పు" అన్నాడు సుందరం. "ఆడింది నువ్వేనా? అవునంటే ఇప్పుడే రాస్తాను."

"రాయుండ్రి సార్" అన్నాడు హన్మయ్య. అతని చేతులు పక్కన వేలాడుతున్నాయి. తల్లి తువాలు ఒక చేతిలో ఉంది.

జీవరాజ్ బరువు మంచి కాలు మీదికి మార్చుకున్నాడు.

"ఆయనే ఆడిండు సార్. నేను నీళ్ళ కుండ మోసిన."

సుందరం అతని మోకాలు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. "నిజమేనా?"

"నిజమే సార్."

సుందరం అయిదు ఫ్రేములూ ఒకదాని మీద ఒకటి పేర్చి హన్మయ్య వైపు జరిపాడు.

బయట ఎండ ఉంది. కోట గోడ దాకా ఇద్దరూ నడిచారు.

"నేను మళ్ళ పోయి చెప్త" అన్నాడు హన్మయ్య.

"నమ్మడు. నువ్వు అంత మంచిగ చెప్పినవ్."

"నవ్వులాట గాదు జీవా. ఎందుకట్ల చెప్పినవ్?"

"నాకు ఓపిక లేదు హన్మన్నా. కాయితాలు బెంగళూరు పోవుడు, వాళ్ళు పిలుచుడు, మనం నిలవడుడు. నువ్వు నౌకరీ లేక కూసునుడు. నేను రోజు పంపుహౌసు ముందటి నుంచి పోవుడు. ఎవరితోని అయితది?"

"కరుణమ్మకు ఏం చెప్తవ్?"

"చెప్త ఏదన్న." కొంచెం దూరం పోయాక అన్నాడు, "తిడ్తది. తిట్టనీ."

హన్మయ్య తువాలు మూట ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకున్నాడు. "ఒకటడుగుత. బాలు సరిగ్గ తగిల్నప్పుడు కాలుకు ఎట్లుంటది?"

జీవరాజ్ ఆగాడు. ఇది గుర్తుంది. "ఏం తెలువది. తప్పు తగిల్తెనే తెలుస్తది."

హన్మయ్య చిమ్‌కోడ్ తొవ్వ పట్టాడు. కొంత దూరం పోయి ఒకసారి వెనక్కి చూశాడు. జీవరాజ్ అప్పటికే మంగళపేట వైపు తిరిగాడు. మూడు గంటలకు వదలాల్సిన నీళ్ళు. నాలుగు దాటింది. నల్లా దగ్గర బిందెల వరస గల్లీ మలుపు దాకా ఉంది. ముందు బిందె సుందరాబాయిది.

"ఏడ సచ్చినవయ్యా ఇంతసేపు? పొయ్యి మీద ఎసరు లేదు."

"దఫ్తర్ల పనుండె."

"ఆర్డరొచ్చిందంట గద. ఇప్పుడే గిట్ల జేస్తవ్. పర్మినెంటు అయినంక మేము నీ కండ్లకు ఆనుతమా?"

జీవరాజ్ వంగలేక కుడి కాలు పక్కకు చాపి కూర్చున్నాడు. వాల్వు మూత తీసి తాళంచెవి లోపలికి దించాడు.

"కాలే సుందరక్కా. రేపటి నుంచి టయానికే వస్త."